అభిమానుల బైండు పుస్తకాలు

గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, తలా ఒక పాత్రయి కథ నడపడమే ఆట. పాత పుస్తకాల్లోంచి ఏరినవీ, తాము అల్లినవీ కలిపి అభిమానులు మంత్రాలకూ, భూతాలకూ జాబితాలు కట్టి పంచుకున్నారు. మనవాళ్ళు వీక్లీ సీరియల్ కాగితాలు చింపి బైండు చేయించుకోలేదూ! 1990లలో అప్పటి యజమాని టి.ఎస్.ఆర్. కంపెనీ వాళ్ళ మీద కన్నెర్ర చేసింది.

అమెరికా కాపీరైటు చట్టంలో ఆట ఆడే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. దాన్ని చెప్పిన మాటలకే కాపీరైటు. మాటలమ్ముకు బతికేదాన్ని, అది కాదనను. కానీ తాము తిరిగి అచ్చు వెయ్యక, దాచుకున్నవాళ్ళనీ పంచుకోనివ్వకపోతే ఎలా చెప్పండి?

నా తొలి నవల ప్రతి నా దగ్గరే లేదు. ఎవరింట్లోనైనా ఆ బైండుంటే నాకో జిరాక్సు పంపండి.