గోదాములో ఏ మాస్కు?

కాకినాడయినా మిర్యాలగూడయినా, బియ్యం గోదాముల్లో పురుగును చంపడానికి ఎక్కువగా వాడేది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలే. 3 గ్రాముల బిళ్ల గాలిలో తేమ తగిలి పొడైపోతూ 1 గ్రాము ఫాస్ఫీన్ వదులుతుంది. బస్తాల నెట్టు మీద కవరు కప్పి, అంచుల చుట్టూ ఇసుక సంచులు పేర్చి రోజుల తరబడి మూసి ఉంచితే ముక్కపురుగు చస్తుంది. ఆ వాయువు మనిషి ప్రాణమూ తీస్తుంది.

ఆ పనికి దిగేవాళ్ల ముఖాన మాత్రం తువ్వాలో, కరోనా రోజుల్లో అలవాటైన ఎన్‌95 మాస్కో కనిపిస్తుంది. ఎన్‌95 దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపలేదు. తువ్వాలు తడిపి కట్టుకున్నా లాభం లేదు, ఫాస్ఫీన్ నీళ్లలో పెద్దగా కరగదు.

వాసన రాగానే బయటికి వచ్చేస్తామనే ధైర్యం ఇంకా ప్రమాదం. వెల్లుల్లిలా, కుళ్లిన చేపలా వచ్చే ఆ కంపు చాలావరకు మలినాలది. ఎనిమిది గంటల పనికి అమెరికా సంస్థ ఓషా పెట్టిన సగటు పరిమితి 0.3 పీపీఎం. ముక్కును నమ్ముకుని అంత తక్కువ మోతాదును పసిగట్టలేం.

అందుకే ముందు కొలవాలి. గాజు గొట్టం రెండు కొనలూ విరిచి, చేతి పంపుకు తగిలించి గాలి లాగితే లోపలి రసాయనం రంగు మారుతుంది. ఆ రంగు ఏ గీత దాకా పాకిందో అదే లెక్క. అమెరికాలో ఈ బిళ్లల డబ్బాల మీదుండే లేబుళ్ల ప్రకారం 15 పీపీఎం వరకు ఫాస్ఫీన్‌కు ఆమోదం పొందిన క్యానిస్టర్‌తో ముఖమంతా కప్పే మాస్కు చాలు. అది దాటినా, ఎంతుందో తెలియకపోయినా వీపున సిలిండర్ మోసే ఎస్‌సీబీఏ తప్పదు. క్యానిస్టర్ గాలిని వడగడుతుందే గానీ ఆక్సిజన్ ఇవ్వదు మరి.

గడ్డం పెరిగితే రబ్బరు అంచు చర్మానికి అతుక్కోదు. క్యానిస్టర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి గాలి పీల్చినప్పుడు మాస్కు ముఖానికి కరుచుకోకపోతే ఎక్కడో సందు ఉన్నట్టే.

1980లో అమెరికా వైద్య పత్రిక జామా ఒక ధాన్యం ఓడ సంగతి ప్రచురించింది. ఫాస్ఫీన్ లీకై, ఓడలోని 31 మంది సిబ్బందిలో 29 మంది, ఇద్దరు పిల్లలు జబ్బుపడ్డారు. పిల్లల్లో ఒకరు చనిపోయారు. బిళ్లలు పెట్టని వాళ్లకూ ముప్పు ఉంటుంది.

బిళ్లలు పెట్టేటప్పుడు వాయువు ఒక్కసారిగా రాదు కాబట్టి భయం తగ్గుతుంది. ఎక్కువ జాగ్రత్త కావలసింది కవరు తీసే రోజున. గాలాడనిచ్చి, మళ్లీ కొలిచి, 0.3 లోపుందని తేలాకే హమాలీలను లోపలికి పిలవాలి. అంతవరకూ మాస్కు తియ్యకూడదు.