కదిలే మంచులో కదలని ఓడ

ఉత్తర ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున లొమొనొసొవ్ పర్వతశ్రేణి ఉంది. దాని మీద కోట్ల ఏళ్లుగా పేరుకున్న బురదను 2004లో ఆర్కిటిక్ కోరింగ్ ఎక్స్‌పెడిషన్ తవ్వి తీసింది. శాస్త్రంలో పనితనం ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ యాత్రను చూడాలి.

అక్కడ బోరు వేయడమే ఒక సాహసం. పైన మీటర్ల మందాన మంచు, అదీ నిలకడ లేకుండా కదులుతూనే ఉంటుంది. కింద వెయ్యి మీటర్లకు పైగా నీళ్లు. ఓడ చోటు తప్పితే గొట్టం విరుగుతుంది. అందుకే మూడు ఓడలు పని పంచుకున్నాయి. రష్యా అణు ఓడ సొవెట్‌స్కీ సోయుజ్ ఎదురొచ్చే పెద్ద పలకలను పగలగొట్టింది. స్వీడన్ ఓడ ఓడెన్ ఆ ముక్కలను ఇంకా చిన్నవి చేసింది. వాటి చాటున విడార్ వైకింగ్ నిలబడి, సముద్రం అడుగు నుంచి 400 మీటర్లకు పైగా లోతుకు తవ్వింది.

ఆ బురదను చదివిన తీరు ఇంకా అబ్బురం. దాదాపు 4.9 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో అజొల్లా దొరికింది. మన వరి మళ్లలో నత్రజని కోసం, పశువుల మేత కోసం పెంచే నీటి ఫెర్న్ జాతిదే. నదుల్లో కొట్టుకొచ్చిన చెత్త కాదు కదా అన్న అనుమానం రావాలి, వచ్చింది. సూక్ష్మదర్శిని కింద చూస్తే పెద్ద సిద్ధబీజాలకు చిన్నవాటి గుంపులు ఇంకా అంటుకునే ఉన్నాయి. అంటే ఆ మొక్క అక్కడే పెరిగింది, అక్కడే సంతానం కన్నది. అజొల్లా మంచినీటి మొక్క కాబట్టి, ఆర్కిటిక్ సముద్రం ఉపరితలం మీద ఒకప్పుడు మంచినీళ్లు తేలేవన్నమాట!

ఇక ఉష్ణోగ్రత సంగతి. ఆర్కియా అనే సూక్ష్మజీవులు నీరు వేడెక్కేకొద్దీ తమ కణాల పొరలోని కొవ్వు అణువుల్లో వలయాలు పెంచుకుంటాయి. బురదలో మిగిలిన ఆ అణువులను వేరుచేసి, వలయాలను బట్టి లెక్క కట్టారు. సుమారు 5.6 కోట్ల ఏళ్ల కిందట, గాలిలోకి కార్బన్ పెద్దఎత్తున చేరిన కాలంలో, ధ్రువం దగ్గర సముద్రం 23 డిగ్రీల దాకా వెచ్చబడిందని తేలింది. 2006లో ‘నేచర్’ ఈ ఫలితాలను ప్రచురించింది. అప్పటి వాతావరణ నమూనాలు మాత్రం ఆ ధ్రువాన్ని అంతకంటే బాగా చల్లగా చూపించాయి.

ఈ తేడాలోనే యాత్ర విలువంతా ఉంది. రేపటి వేడిని లెక్కగట్టే నమూనాలను ఎక్కువగా గత నూటయాభై ఏళ్ల కొలతలతో సరిచూస్తాం. వాటిలో నేటికన్నా బాగా వెచ్చని ధ్రువం లేదు. అది ఈ బురదలో ఉంది. ధ్రువాలు ఎంత వేడెక్కగలవో నమూనాలు తక్కువ అంచనా వేస్తున్నాయేమో చూసుకోవడానికి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు.