‘నేనెవరు?’ అను ప్రశ్నకు కొలబద్ద

జ్వరమును కొలుచుటకు ఉష్ణమాపకమున్నది. “నేనెవరు, నా దారి ఏది?” అని యౌవనమున మనిషి తేల్చుకొను తీరును కొలుచుట సాధ్యమా? సాధ్యమే అన్నవారిలో ముఖ్యుడు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ మార్షియా. ఎరిక్ ఎరిక్‌సన్ భావనలను ఆధారముగా గొని, 1966లో ఆయన 86 మంది కళాశాల విద్యార్థుల పరిశీలనను ప్రకటించెను. అందరును పురుషులే. ఆయన చూచినవి రెండు సంగతులు: పలుదారులను వెదకిరా? ఒకదానికి కట్టుబడిరా? వెదకి కట్టుబడినవారు, ఇంకను వెదకుచున్నవారు, వెదకకయే కట్టుబడినవారు, రెండును లేనివారు అని నాలుగు స్థితులు ఏర్పడెను.

2008లో బెల్జియమునకు చెందిన కూన్ లౌక్స్ ప్రభృతులు దీనిని విస్తరించి 25 వాక్యముల ప్రశ్నావళిని కూర్చిరి. తెగని చింతతో కూడిన వెదకులాటను వేరుగా లెక్కించుట దానిలోని మేలిగుణము. తరువాత ఇది టర్కీ భాషలోనికిని వచ్చినది.

దీనినే గోదావరి డెల్టాకు తెచ్చినచో ఏమగును? కోనసీమలో తండ్రి కొబ్బరితోటను చేపట్టిన పట్టభద్రుడొకడు ఉన్నాడనుకొందము. అతడు “వెదకకయే కట్టుబడినవాడు”గా తేలవచ్చును. నిజమునకు ఉద్యోగమును, తోటను, తల్లిదండ్రుల వార్ధక్యమును తూచియే అతడు ఇంట నిలిచియుండవచ్చును. “నీవే నిర్ణయించుకొంటివా?” అని అడిగినచో, “మా ఇంట అందరము అనుకొన్నాము” అనుట ఇచట సహజము. ఈ జవాబునకు ఎన్ని మార్కులు? వాక్యములు ఒకదానితో నొకటి పొందిక చూపినంతమాత్రమున ఈ చిక్కు తీరదు. తప్పుడు రాళ్ల త్రాసు కూడ ప్రతిసారి ఒకే తూకము చూపును.

టర్కీ విదుషి చీదెమ్ కాయిత్చిబాషి (1940–2017) చెప్పిన మాట ఇచట విలువైనది: స్వతంత్రతకు ఆత్మీయబంధము శత్రువు కాదు, రెండును ఒకే వ్యక్తియందు ఉండవచ్చును. రాజమహేంద్రవరము దీనిని ఏనాడో చూచినది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము అచట తొలి వితంతు వివాహమును జరిపించెను. ఆచారమునకు ఎదురునిలిచిన ఆయనకు భార్య రాజ్యలక్ష్మమ్మ తోడునిలిచెను.

కావున ఈ కొలబద్దను త్రోసిపుచ్చనక్కరలేదు. తెలుగులోనికి తెచ్చువారు ముందు ఇక్కడి యువతీయువకుల మాటలను వినవలెను, పిదప వాక్యములు కూర్చవలెను, ఆ తరువాతనే అంకెలు వేయవలెను. మార్కులు తగ్గినవని తోట చేపట్టిన కుర్రవానిపై ఎదగనివాడని ముద్రవేయుట శాస్త్రమనిపించుకొనదు.