చదవడం రాకముందే చదివే నిచ్చెన

మన పల్లెల్లో ప్రాథమిక పాఠశాల అంటే చాలాచోట్ల ఒకే గది, ఒకరే టీచరు, ఐదు తరగతులు. పాఠ్యపుస్తకం మాత్రం ఈ సంగతి ఎరగనట్టే ఉంటుంది. తరగతికో టీచరు ఉంటారని, పిల్లలంతా రోజూ బడికొస్తారని, అందరూ ఒకే రోజు పాఠం మొదలుపెట్టి ఒకే రోజు ముగిస్తారని అనుకుని రాసిన పుస్తకం అది. కాబట్టి టీచరు మూడో తరగతికి తీసివేతలు చెబుతుంటే ఒకటో తరగతి పలకల మీద దిద్దుతూ, ఐదో తరగతి ఎక్కాలు వల్లెవేస్తూ కూర్చోవాల్సిందే. వేరుశనగ పీకే రోజుల్లో వారంపాటు అమ్మానాన్నలతో చేనికెళ్లిన పిల్ల తిరిగొచ్చేసరికి పాఠం వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

1980ల చివర్లో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో ఈ చిక్కుముడిని ఓపిగ్గా విప్పడానికి కూర్చున్నవారు వై.ఎ. పద్మనాభరావు, రమ. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ స్కూలు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు పెట్టింది. వాటికోసం వీళ్లు పాఠ్యపుస్తకాన్నే విడదీశారు. పిల్ల నేర్చుకోవాల్సిన ప్రతి విషయాన్నీ చిన్నచిన్న పనులుగా చేసి, ఒక్కో పనిని ఒక్కో కార్డు మీదికి ఎక్కించారు. కొన్ని కార్డులు కలిస్తే ఒక మైలురాయి. మైలురాళ్లన్నీ వరసగా చూపిస్తూ గోడకు తగిలించిన పటం పేరు అభ్యసన నిచ్చెన. బడి మొత్తం ఒక పెట్టెలో ఇమిడిపోయినట్టు ఉంటుంది గనక దీనికి ‘పెట్టెలో బడి’ అన్న పేరూ వచ్చింది.

ఈ పనితనంలో నేను ముందుగా చేతులెత్తి మొక్కేది కార్డు మీదుండే చిన్న గుర్తుకి. ఒక పిట్టో, జంతువో, అలాంటి బొమ్మ ఏదో ఒకటి, పక్కన ఒక అంకె. అదే గుర్తు, అదే అంకె గోడమీది నిచ్చెనలోనూ ఉంటాయి. ఆరేళ్ల పిల్లకు ఇంకా ఒక్క అక్షరమూ రాదు. అయినా నిచ్చెన దగ్గరికి వెళ్లి తను నిన్న ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూసుకుంటుంది, ఆ పై మెట్టు మీదున్న బొమ్మను గుర్తు పెట్టుకుంటుంది, అరల దగ్గరికెళ్లి ఆ బొమ్మ ఉన్న కార్డు తీసుకుంటుంది. అంటే చదవడం నేర్చుకునే ముందే తన చదువు ఎంతవరకు వచ్చిందో ఆ పిల్ల చదవగలుగుతోంది. ముప్పైమంది పిల్లలున్న గదిలో ‘టీచర్, అయిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?’ అన్న మాట గంటకు ఎన్నిసార్లు వినబడుతుందో పాఠం చెప్పినవాళ్లకు తెలుసు. ఆ ప్రశ్నను ఒక బొమ్మ తన మీద వేసుకుంది. అలా మిగిలిన సమయమంతా టీచరుది.

ఒక్కో మైలురాయి లోపలి అమరిక కూడా చూడాలి. మొదటి కార్డు పరిచయానికి, అప్పుడు టీచరు పక్కనే ఉంటారు. తర్వాత అభ్యాసానికి కొన్ని: గింజలతో లెక్కపెట్టడం, పాచికలాట, జతచేయడం, రాయడం. ఆపైన ఎంతవరకు వచ్చిందో చూసుకునే కార్డు. దానికి ప్రత్యేకించి తేదీ ఉండదు, మిగతా కార్డుల్లాగే దాని వంతు దానికి వస్తుంది. పిల్ల అక్కడ తడబడితే, సరిగ్గా ఆ తడబాటుకే తయారుచేసిన మరో కార్డు ఉంటుంది. చులాగ్గా దాటేస్తే ఇంకాస్త కష్టమైన ఆటొకటి కానుకగా దొరుకుతుంది. వైకుంఠపాళి పటంలోంచి పాములన్నిటినీ తీసేసి నిచ్చెనలు మాత్రం ఉంచినట్టుంటుంది ఈ ఏర్పాటు. వారం రోజులు రాని పిల్ల కిందికి జారదు, ఆగిన మెట్టు మీదే ఉంటుంది. ఏ ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉండాలన్న నియమం లేనప్పుడు వెనకబడ్డ పిల్ల అన్న మాటకు ఆ గదిలో చోటెక్కడిది?

పిల్లలు కూర్చునే తీరును కూడా కార్డే నిర్ణయిస్తుంది. టీచరు పూర్తిగా అవసరమైన పని ఒక చాప దగ్గర, కొంచెం సాయం చాలనుకున్నది మరో చాప దగ్గర, తోటి పిల్లలతో కలిసి చేసేది ఇంకోచోట, సొంతంగా చేసుకునేది వేరేచోట. తరగతి, వయసు చూసి కూర్చోబెట్టడం ఉండదు. ఎనిమిదేళ్ల పిల్లాడు, ఆరేళ్ల చెల్లెలు ఒకే చాప మీద కూర్చుని ఒకరికొకరు చూపించుకుంటారు. పిల్లలు పిల్లలకు నేర్పడం మన బడులకు పాత సంగతే. 18వ శతాబ్దం చివర మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇసుకలో రాస్తూ నేర్చుకునే పిల్లల్ని చూసి, పిల్లలతోనే పిల్లలకు చెప్పించే పద్ధతి పట్టుకుని 1797లో పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా పేరుపడింది. రిషి వ్యాలీ పద్ధతిలో తేడా ఏమిటంటే, ఇక్కడ శాశ్వతంగా పెత్తనం చేసే పెద్దపిల్లవాడు ఉండడు. ఇవాళ లెక్కల్లో సాయం చేసినవాడు రేపు తెలుగులో సాయం అడుగుతాడు.

రిషి వ్యాలీ వెళ్లి ఈ పద్ధతి చూసొచ్చిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో యూనిసెఫ్ సాయంతో దీన్ని ప్రభుత్వ బడుల్లో మొదలుపెట్టారు. పేరు ‘నలి-కలి’, ఆడుతూ నేర్చుకో అని. వాళ్లు చేసిన ఒక మార్పు దగ్గర కాసేపు ఆగాలి. కన్నడ అక్షరాలను వరసలో కాకుండా ర, గ, స, ద, అ అనే ఐదింటితో మొదలుపెట్టారు. ఎందుకో ఆ ఐదింటినీ కలిపి చూస్తే తెలుస్తుంది. సర అంటే హారం, అరస అంటే రాజు, గరగస అంటే రంపం, అగస అంటే చాకలి, ఆపైన దసర పండుగ. ఐదు అక్షరాలు వచ్చాయో లేదో పిల్ల చేతిలో ఒక ఊరే ఉంది.

తెలుగులోనూ ఇలా చేసి చూడండి. అచ్చులన్నీ ఒకదాని తర్వాత ఒకటి దిద్దించి, వాటితో మాటలు చదవమంటే ఆ, ఈ, ఏ దగ్గరే బండి ఆగిపోతుంది. క, త, ల, ప, డ తీసుకుంటే? కల, తల, పలక, పడక, తడక, కలప, కలత. గుణింతం ఊసే లేకుండా ఏడు మాటలు, అన్నీ ఇంట్లో వినేవే. కన్నడ వాళ్ల ఐదు అక్షరాల వెనక ఇలాంటి కూడికలు ఎన్ని చేసి చూసుంటారో ఊహించుకుంటే ఆ ఉపాధ్యాయుల మీద గౌరవం కలుగుతుంది.

నలి-కలి గదిలో మరో రెండు వస్తువులు నాకు చాలా ఇష్టం. గోడల కింది భాగమంతా పిల్లల ఎత్తుకు నల్లబల్లే, ఒక్కొక్కరికి కొంత జాగా. తలపైన ‘చప్పర’, అంటే పందిరి: కట్టిన తాళ్లకు పిల్లలు గీసిన బొమ్మలు, రాసిన కాగితాలు వేలాడుతుంటాయి. 2009-10 నుంచి కర్ణాటక ప్రభుత్వ కన్నడ మాధ్యమ బడులన్నిటికీ ఈ పద్ధతి వెళ్లింది. తమిళనాడులో ఐఏఎస్ అధికారి ఎం.పి. విజయకుమార్ చొరవతో 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు పదమూడింటిలో మొదలై, తర్వాత నాలుగైదేళ్లకు రాష్ట్రమంతా పాకింది.

ఇంత విస్తరణలో ఒకటి పల్చబడిందనే నా అభిప్రాయం. రిషి వ్యాలీ పల్లె బడుల్లో అమ్మలు వచ్చి కథలు చెప్పేవారు, ఆ ఊరి కథలు చదువుకునే సామగ్రిలో చేరేవి. మెట్రిక్ మేళా పెడితే పిల్లలే తూకాలు, కొలతలు పట్టుకుని ఊరివాళ్ల బరువులు తూచి, ఎత్తులు కొలిచి చెప్పేవారు. ఒక రాష్ట్రానికంతటికీ ఒకేచోట కార్డులు అచ్చయినప్పుడు ఏ ఊరి కథకు అందులో చోటు దొరుకుతుంది? పైగా కార్డులు నలుగుతాయి, చిరుగుతాయి, పోతాయి. నడిమధ్యలో ఒక మెట్టు పోతే దాని వెనకున్న పిల్లలంతా అక్కడ నిలబడిపోతారు.

అయితే ఆ చిక్కు తీరే దారి కూడా ఈ నిర్మాణంలోనే ఉంది. పుస్తకంలో ఒక పాఠం పిల్లలకు ఎక్కకపోతే మళ్లీ అచ్చు వేసేదాకా ఆగాలి. ఇక్కడ ఒక కార్డు దగ్గర నలుగురైదుగురు పిల్లలు వరసగా ఆగిపోతుంటే టీచరుకు ఆ వారమే తెలిసిపోతుంది. ఆ కార్డును పక్కన పెట్టి, అదే గుర్తు, అదే అంకె వేసి, ఆ ఊరి చింతగింజలతోనో అమ్మ చెప్పిన కథతోనో ఒక అట్టముక్క మీద కొత్తది రాసుకోవచ్చు. గోడమీది నిచ్చెనలో ఒక్క గీత కూడా మార్చనక్కర్లేదు.