మేనమామ రాగం, మేనల్లుడి మాట

తెలుగు నాటకానికి పాట అలవాటు చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. నాటకంలో ఆ పాట పెత్తనం సాగకూడదని పట్టుబట్టినవాడు బళ్లారి రాఘవ. ఇద్దరూ బళ్లారిలో వకీళ్లే, పైగా స్వయానా మేనమామ, మేనల్లుడు. పద్యనాటకం గురించి మనం ఇప్పటికీ తెగకుండా చేసుకుంటున్న వాదన ఆ ఇంట్లోనే పుట్టిందంటే తప్పులేదు.

1880 ప్రాంతంలో ధార్వాడ కంపెనీ తెలుగు ఊళ్లలో నాటకాలాడి వెళ్లింది. పార్సీ కంపెనీలూ వచ్చాయి. పాటలు, తెరలు, వేషాల తళుకు చూసి మనవాళ్లకు నాటకం మీద మోజు పుట్టింది. ధర్మవరం బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టి, ‘చిత్రనళీయం’ వంటి నాటకాలు రాసి, ఆడి, శిష్యుల చేత ఆడించాడు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనకు అందుకే వచ్చింది. పద్యం రాగంలో పడింది. జనం ఆ రాగం కోసమే రావడం మొదలుపెట్టారు.

1880లో తాడిపత్రిలో పుట్టిన రాఘవ పూర్తిగా వేరే దారి పట్టాడు. పగలు కోర్టులో వాదన, రాత్రి వేషం. షేక్‌స్పియర్ పాత్రలు ఇంగ్లీషులో వేశాడు. ఇంగ్లండు వెళ్లి అక్కడి రంగస్థలాన్ని చూసి వచ్చాడు. కోలాచలం శ్రీనివాసరావు నాటకంలో పఠాన్ రుస్తుం వేషం ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. ఆడవేషం ఆడవాళ్లే వేయాలని చెప్పి ఊరుకోలేదు, కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలను తనతో పాటు వేదికెక్కించాడు. పద్యం దగ్గరికి వస్తే ఆయన పాడేవాడు కాదు, పలికేవాడు. కొడుకు శవం ముందున్న తండ్రి గొంతు సవరించుకుని ఆలాపన అందుకోవడం ఆయనకు మింగుడుపడని విషయం. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టమే.

అయితే ఆ రోజుల్లో రాగం లేకపోతే మాట వెనక వరసకు చేరేది కాదు, దాన్ని మరిచిపోకూడదు. మైకు లేదు. ఊరి బయట మైదానం, పెట్రోమాక్సు దీపాలు, వేలమంది జనం, మధ్యలో పిల్లల ఏడుపులు. మామూలు గొంతుతో చెప్పిన మాట నాలుగో వరుస దాటదు. పై శ్రుతిలో, అచ్చును సాగదీసి పాడితే చివర చెట్టెక్కి కూర్చున్నవాడికీ వినిపిస్తుంది. నాలుగు, ఐదు శ్రుతుల్లో తెల్లవార్లూ పాడగలిగిన గొంతుకే గిరాకీ. ఈ అవసరమే పోనుపోను అలవాటైంది, అలవాటు కాస్తా ఆడంబరమైంది. మైకు వచ్చాక కూడా శ్రుతి దిగలేదు.

ఇక పద్యం నేర్పే పద్ధతి చూద్దాం. పల్లెల్లో పద్యనాటకానికి దర్శకుడంటే వేరే మనిషి ఉండడు. హార్మోనిస్టే మాస్టారు. పాత్రలు పంచేది ఆయనే, పద్యాలు నేర్పేది ఆయనే. ఆట రోజున వేదిక పక్కన కూర్చుని నాటకం మొత్తాన్ని నడిపేదీ ఆయనే. నటుడు పద్యం మరిచిపోతే మొదటి అక్షరాలు అందిస్తాడు. గొంతు అలసిందని కనిపెడితే ఆలాపన తోకను తానే అందుకుని రెండు క్షణాలు ఊపిరి తీసుకోనిస్తాడు. అక్షరం ముక్క రాని నటుడి చేత కూడా తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు తప్పులేకుండా పలికించిన మాస్టార్లు ఆంధ్రదేశమంతా ఉండేవారు.

మంచి మాస్టారు మొదట హార్మోనియం పెట్టె తెరవడు. శిష్యుడి చేత పద్యాన్ని వచనంలా చెప్పిస్తాడు. ఎవరితో అంటున్నావు, ఎందుకంటున్నావు, కోపమా, వెటకారమా అని అడుగుతాడు. తరువాత పదవిభాగం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. సంస్కృత ఛందస్సులో యతి దగ్గర ఆగాలి. తెలుగులో అక్కడ అక్షర మైత్రి ఉంటే చాలు, ఆగాలన్న నియమం లేదు. చాలాసార్లు యతి స్థానం మాట నడుమనే పడుతుంది. పాదం చివర కూడా అంతే, మాట సగం ఈ పాదంలో ఉంటే మిగతా సగం తరువాతి పాదంలోకి దూకుతుంది. కొత్తవాడు యతి దగ్గరా పాదాంతంలోనూ ఆగి మాటను నరికేస్తాడు. రాగం ఎంత మధురంగా ఉన్నా అర్థం పోతుంది. ఊపిరి ఎక్కడ తీయాలో అన్వయం చెప్పాలి, గణాలు కాదు. ఈ ఒక్క సంగతి గొంతులో పట్టించడానికి నెలలు పడుతుంది.

ఆ తరువాతే రాగం. మొదటి మూడు పాదాల్లో మాటకు పెద్దపీట, రాగం నీడలా వెంట నడుస్తుంది. నాలుగో పాదంలో భావం శిఖరానికి చేరాక ఆలాపన విచ్చుకుంటుంది. సీసపద్యానికి లెక్క వేరు. పొడవాటి నాలుగు పాదాలు మెట్లు మెట్లుగా పైకెక్కిస్తాయి. కింద వచ్చే తేటగీతి గానీ ఆటవెలది గానీ తీర్పు చెబుతుంది. సీసం మొదట్లోనే గొంతంతా ఖర్చు చేసినవాడికి ఎత్తుగీతి దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. కందం చిన్నది, చురుక్కుమనాలి. దాన్ని సాగదీయడమంత అవివేకం మరొకటి లేదు. మోహన, కల్యాణి వంటి మన రాగాల పక్కనే కాపీ, బేహాగ్, సింధుభైరవి వంటివి కలిశాయి. శుద్ధ సంగీతం దృష్టితో చూస్తే ఇది కల్తీ. నాటకానికి మాత్రం అదే బలం.

పాడనివాడి నటన గురించి ఎవరూ మాట్లాడరు. కృష్ణుడు కౌరవ సభలో పద్యం ఎత్తుకున్నప్పుడు కర్ణుడు, దుర్యోధనుడు ఏం చేస్తున్నారన్నది సగం నాటకం. పద్యం ఎదుటివాడితో అనే మాట. వినేవాడి మొహం మారకపోతే అది కచేరీ అవుతుంది.

దాదాపుగా అలాగే అయింది. కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. పేరున్న నటులను ఒక్కొక్క ఊరి నుంచి తెచ్చి ఒకే రాత్రి ఒకే వేదిక మీద నిలబెట్టేవారు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొకడు, యుద్ధానికి ఇంకొకడు. పోటీ పాత్రల మధ్య కాకుండా గొంతుల మధ్య సాగింది. ‘వన్స్ మోర్’ అని కేక పడితే పద్యం మళ్లీ మొదటికి. హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో లోహితాస్యుడు చచ్చి పడి ఉంటాడు, చంద్రమతి ఏడుపు ఆపుకుని నిలబడుతుంది, హరిశ్చంద్రుడు అదే పద్యం రెండోసారి అందుకుంటాడు. పాపం ఆ పిల్లవాడికి దోమలు కుట్టినా కదలడానికి లేదు. అదే సీనులో జరిగిన మరో సంగతి మాత్రం తెలుగు నాటకానికే అందం. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలోకి జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను నటులే తెచ్చి కలుపుకున్నారు. ఆ పద్యాలు లేని కాటిసీనును ప్రేక్షకులు ఒప్పుకోరు.

ఈ హోరులోనూ నిగ్రహం చూపినవాళ్లున్నారు. స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా పాడిన పాటను తానే రాసుకున్నాడు. ఒకే పల్లవిని ఎన్నిసార్లు తిప్పినా ప్రతిసారీ భామ మనసులో మరో పొర చూపించేవాడని చూసినవాళ్లు రాశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కృష్ణ పాత్రకు మారుపేరైన పీసపాటి నరసింహమూర్తి రాయబారంలో మాటకే పట్టం కట్టాడు. ఏలూరులో ప్రభాత్ థియేటర్ పెట్టిన బందా కనకలింగేశ్వరరావు నటుడు, ప్రయోక్త, గురువు. బాహుకుడి వేషంలో భావం చెడకుండా రాగం పలికించవచ్చని చూపించాడు.

యంత్రాలు వచ్చి ఈ వాదనను మరో మలుపు తిప్పాయి. గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు, పద్యం ఆ కొలతకు ఒదగాల్సి వచ్చింది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ పెట్టె అక్కడికి పోలేదు. సినిమాలో ఘంటసాల పద్యాన్ని కుదించి, ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించేలా పాడి, ఆలాపనను చివరికి కొద్దిగా వాడాడు. ఆ తరువాత ఊరి నటులు కూడా ఆయన బాణీనే అనుసరించారు. టీవీ మరీ నిర్దాక్షిణ్యం. మెడనరాలు ఉబ్బి, నోరు వంకర తిరిగి, కళ్లు మూసుకుని సాగదీసే ఆలాపన మైదానంలో వీరరసంగా తోస్తుంది, క్లోజప్‌లో మాత్రం ఆయాసంగా కనిపిస్తుంది. కెమెరా ముందు రాఘవే గెలిచాడు.

అయినా నా తీర్పు మేనల్లుడి పక్షాన పూర్తిగా లేదు. రాఘవ పద్యాన్ని పలికిన తీరు ఆయన ప్రతిభ. 1946లో ఆయన పోయాక దాన్ని అలాగే అందుకుని సాగించిన బడి ఏదీ నిలవలేదు. మేనమామ దారిలో వచ్చిన రాగం మాత్రం చేతి నుంచి చేతికి అందింది, చదువుకోని నటుడి చేత కూడా ఛందస్సు తప్పకుండా పలికించింది. సంతలో కూరగాయలమ్మే మనిషి కూడా తిరుపతి వేంకట కవుల పద్యాలు అప్పజెప్పగలిగాడంటే రాగం పుణ్యమే. పైగా ఆ మాస్టారు చెప్పే మొదటి పాఠం, పద్యాన్ని ముందు మాటగా చెప్పించడం, రాఘవ అడిగింది కూడా అదే. నాసిరకం ఆటలు ఆ మొదటి పాఠాన్ని ఎగ్గొట్టాయి. జబ్బు అక్కడుంది, రాగంలో లేదు.

1998లో మొదలైన నంది నాటకోత్సవాలు పద్యనాటకానికి వేదిక ఇచ్చాయి, బహుమతులు ఇచ్చాయి. శిక్షణ సంగతి అలాగే ఉండిపోయింది. ఆంధ్ర, తెలుగు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళల శాఖలున్నాయి. పద్యం నేర్పడానికి అక్కడ హార్మోనిస్టులను గురువులుగా కూర్చోబెట్టాలి. డిగ్రీ ఉందా అని అడగకూడదు. వాళ్లు పాడే పద్యాలతో పాటు, నేర్పే విధానాన్ని కూడా, ఎక్కడ ఆపమంటారో, ఎక్కడ ఊపిరి తీయమంటారో, అంతా వీడియోలో భద్రపరచాలి. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ తలచుకుంటే ఇదేమంత ఖర్చయ్యే పని కాదు. ఆ మాస్టార్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు, కాబట్టి ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.