396, ఒక ఇంటిపేరు

పిహెచ్‌డి రోజుల్లో ఒక పాత లైబ్రరీలో కార్డు సొరుగుల ముందు ఎన్నో మధ్యాహ్నాలు గడిపాను. స్త్రీల గురించిన పుస్తకాలు అడిగితే అక్కడి పెద్దాయన "396 చూడమ్మా" అనేవారు. దానికి ముందు 395, అంటే మర్యాదలూ మన్ననలూ. కాస్త దాటితే 398, జానపద గాథలు. మధ్యలో మనం! అప్పుడు నవ్వొచ్చింది.

మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతిలో 390లు ఆచారాలవి. కట్టూబొట్టూ, పెళ్లితంతూ, చావు కర్మల పక్కనే స్త్రీల స్థితిగతుల్నీ సర్దారు. స్త్రీ అంటే సమాజంలో భాగం కాదు, ఒక ఆచారం అన్నమాట. తర్వాత కొంతకాలం 301.412లో తలదాచుకుని, 1979 నాటి పంతొమ్మిదో ముద్రణలో సామాజిక సమూహాల కింద 305.4కి చేరాం. పుస్తకాల వెన్నుమీది చీటీలు మాత్రం అంత తేలిగ్గా మారవు. తిరిగి రాసే తీరికా డబ్బూ ఏ లైబ్రరీకి ఉన్నాయి?

1887లో డ్యూయీ కొలంబియాలో తెరిచిన లైబ్రరీ బడిలో తొలి విద్యార్థులు 20 మందైతే, 17 మంది ఆడవాళ్లే. ఆడవాళ్లతో అతని ప్రవర్తన, అతని జాత్యహంకారం కారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకం నుంచి అతని పేరు తీసేసింది. అదీ 2019లో!

మన రంగనాథన్ మీద నాకు గౌరవం ఉంది, పేచీ కూడా ఉంది. 1933లో వచ్చిన ఆయన కోలన్ పద్ధతిలో సాహిత్యకారులకు పుట్టిన సంవత్సరాన్ని బట్టి సంఖ్య వేస్తారు. ఆడపిల్ల పుట్టుక ఎవరు రాసిపెట్టారు? మొల్లకి ఏ ఏడాది వెయ్యాలి?

ఇంతకన్నా నన్ను దెబ్బతీసింది ఇంటిపేరు. తెలుగు కార్డుల వరసకి అదే మొదటి మాట. పాత అట్టల మీద ముప్పాళ్ల రంగనాయకమ్మ, తర్వాతి వాటి మీద ఉత్త రంగనాయకమ్మ. ఆవిడ ప్రసిద్ధురాలు కాబట్టి 'ము' దగ్గర దొరక్కపోతే 'ర' దగ్గర వెతుకుతాం. పేరు లేని వాళ్ల సంగతో?

నా థీసిస్ చిత్తుప్రతిలో ఒక రచయిత్రి గురించి "నాలుగు కథలు రాసి, పెళ్లితో కలం పక్కన పెట్టేసింది" అని రాశాను. పైగా దానిమీద సంసారం, సృజన అంటూ రెండు పేజీల విశ్లేషణ! ఆర్నెల్ల తర్వాత మరో సొరుగులో, అత్తింటి పేరు కింద ఆమెవే పదకొండు కథలు కనిపించాయి. ఆవిడ రాస్తూనే ఉంది. ఆ రెండు పేర్ల మధ్య "చూడు" అని ఒక్క కార్డు ఎవరూ పెట్టలేదు. ఆ రెండు పేజీలూ కొట్టేసి, పెద్దాయన్ని ఒక ఖాళీ కార్డు అడిగి తీసుకున్నాను.