కస్బా నుంచి కమీనాల దాకా

పంక్ రాక్ గురించి ఇంగ్లీషులో వచ్చే విమర్శలో 'ప్రభావం' అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఫలానా బృందం మీద జమైకా రెగె ప్రభావం, ఫలానా పాటలో అరబ్బు వరస అని రాస్తారు. తీసుకునే హక్కు ఎవరికుంది, తీసుకున్నాక సంజాయిషీ ఎవరిచ్చుకోవాలి అని మాత్రం అడగరు. ముస్లింలుగా మనం అడగాల్సిన ప్రశ్న అదే.

ముందు క్లాష్ బృందాన్ని చూద్దాం. 1977లో వచ్చిన తొలి ఆల్బంలోనే వాళ్లు జూనియర్ మర్విన్ రెగె పాట 'పోలీస్ అండ్ థీవ్స్'ని తమ బాణీలో పాడారు. లండన్‌లో పంక్ కుర్రాళ్లు చేరే రాక్సీ క్లబ్బులో రెగె రికార్డులు వేసి వాళ్ల చెవులకు కొత్త రుచి చూపించింది నల్లజాతి యువకుడు డాన్ లెట్స్. 1978 ఏప్రిల్ 30న విక్టోరియా పార్కులో జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన సభలో క్లాష్ పాడింది. తీసుకున్నవాళ్ల పక్కన నిలబడింది కాబట్టి దాన్ని దొంగతనం అనలేం.

అయినా 1982 నాటి 'రాక్ ద కస్బా' దగ్గర మనసు ఆగుతుంది. కస్బా అంటే ఉర్దూలో చిన్న ఊరు. ఆ పాటలో మాత్రం అది సినిమా సెట్టు. సంగీతాన్ని నిషేధించిన పాలకుడు బాంబులు వేయమంటాడు. విమానం నడిపేవాళ్లు ఆ మాట పక్కనపెట్టి రేడియో పాట వింటారు. రాసిన జో స్ట్రమ్మర్ సానుభూతి పాట వినే జనం వైపే ఉంది. కానీ 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా బాంబు మీద ఆ పాట పేరే రాశారు. బాంబు వేయనన్న పాట బాంబు మీదికెక్కింది. షేకులు, ఒంటెలు, ఎడారి అన్న బొమ్మలే అందులో ఉన్నాయి గనక, ఆ బొమ్మను ఎవరైనా ఎటైనా తిప్పుకోగలిగారు.

క్యూర్ బృందం 1978లో తెచ్చిన 'కిల్లింగ్ ఆన్ అరబ్' ఇంకా సూటి ఉదాహరణ. అది కామూ నవల మీద ఆధారపడిన పాట, ద్వేషంతో రాసింది కాదు. కానీ నవలలో చచ్చిపోయే అరబ్బుకు పేరు లేదు, పాటలోనూ లేదు. గిటారు మీద తూర్పుదేశాల వరస మాత్రం ఉంది. మన రాగానికి చోటు దొరికింది, మన మనిషికి పేరు దొరకలేదు. 'ప్రభావం' లెక్కలో ఈ తేడా కనిపించదు.

మరి ముస్లిం పిల్లలే గిటారు పట్టుకుంటే? వలసవచ్చినవాళ్ల సంస్కృతి తమను ముంచెత్తుతుందని బ్రిటిష్ ప్రజలు భయపడుతున్నారని 1978లో థాచర్ ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్నది. మరుసటి ఏడాది లండన్‌లో ముగ్గురు పాకిస్తానీ మూలాల యువకులు, ఒక తెల్ల గిటారిస్టు కలిసి 'ఏలియన్ కల్చర్' బృందం పెట్టారు. పరాయి సంస్కృతి అంటారా, సరే అదే మా పేరు అన్నారు. వాళ్ల వాయిద్యాలు గిటారు, బాస్, డ్రమ్సే. సితార్ లేదు, తబలా లేదు. బాణీ అచ్చంగా పంక్, పాటలోని బతుకు వాళ్ల ఇంటిది. అస్తిత్వం వాయిద్యంలో ఉండదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అమెరికాలో 2005 ప్రాంతంలో బోస్టన్ కుర్రాళ్లు 'కొమీనాస్' పెట్టారు. మన గల్లీల్లో తిట్టుగా వినే 'కమీనా' మాటే అది. వీళ్లు పంక్‌లోకి పంజాబీ మాటను, భాంగ్రా దరువును తెచ్చారు. సెక్స్ పిస్టల్స్ 'అనార్కీ ఇన్ ద యూకే'ని ఎగతాళిగా తిప్పి 'షరియా లా ఇన్ ద యూఎస్ఏ' పాడారు. తమ మీద పడే అనుమానాన్నే పల్లవి చేసుకున్నారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' చదివిన తెలుగు పాఠకుడికి ఆ అనుమానం ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన వైపు కూడా చూసుకోవాలి. 2007లో చికాగో దగ్గర జరిగిన పెద్ద ముస్లిం సభలో ఈ బృందాలు వేదికెక్కితే, ఆడపిల్ల పాడిందని ఆపేశారు. పోలీసులొచ్చి బయటికి పంపారు. బయటివాళ్లు అనుమానించిన గొంతును లోపలివాళ్లూ నొక్కారు. ఈ సంగతి చెప్తే శత్రువు చేతికి రాయి ఇచ్చినట్టని కొందరంటారు. చెప్పకపోతే ఆ రాయి మన ఆడపిల్లల మీదే పడుతుంది.

'ముస్లిం పంక్' అన్న ముద్రతో కొమీనాస్ కూడా తర్వాత విసిగిపోయారు. పత్రికలవాళ్లకు పాట కంటే మతమే వినిపించింది మరి. తెల్ల బృందం బాణీ మారిస్తే ఎదుగుదల, మనవాళ్లు మారిస్తే 'రెండు సంస్కృతుల మధ్య నలుగుడు'! షేక్ చిన మౌలానా నాదస్వరం విని 'ముస్లిం అయ్యుండి కూడా' అంటూ మొదలెట్టే మెప్పు కూడా ఈ జాతిదే. ఆ 'కూడా' పోయేదాకా ప్రభావాల పట్టిక ఎంత పొడుగు రాసినా అది సంగీత విమర్శ కాదు, హాజరుపట్టీ.